నాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్, తోట అమ్మి ప్రోటాన్ చేయించాలా?

మీ నాన్నగారికి 68 ఏళ్లు, జబ్బు ప్రోస్టేట్ దాటి పాకలేదు, ప్రోటాన్ రేడియేషన్ కోసం మామిడి తోట బేరం పెట్టాం అని రాశారు. ఆ బేరం కొన్నాళ్లు ఆపండి. మా ఇంట్లో ప్రోటాన్ కూడా చూశాం, మామూలు రేడియేషన్, అంటే కరెంట్ పెట్టించడం కూడా చూశాం.

మా చెల్లెలి కొడుక్కి ఆరేళ్లప్పుడు చిన్నమెదడులో కణితి వచ్చింది, మెడుల్లోబ్లాస్టోమా అన్నారు. ఆపరేషన్ తర్వాత తలకి, వెన్నుపూస పొడవునా రేడియేషన్ ఇవ్వాలి. వెన్నుకు ముందే గుండె, ఊపిరితిత్తులు, పేగులు ఉంటాయి కదా. డాక్టరుగారు మాకు బస్సు లెక్కలో చెప్పారు. కణితి పుత్తూరు, బస్సులో జనం రేడియేషన్ మోతాదు అనుకోండి. మామూలు రేడియేషన్‌లో వాడే ఎక్స్‌రే కిరణమంటే తిరుపతిలో బయల్దేరి దారిపొడవునా జనాన్ని దింపుకుంటూ, మనకు కావాల్సిన పుత్తూరు కూడా దాటి వెళ్లిపోయే బస్సు. ప్రోటాన్ దారిలో కొద్దిమందినే దింపి, ఎక్కువమందిని పుత్తూరులో దించేసి అక్కడే ఆగిపోతుంది. ఎంత లోతులో ఆగాలో దాని వేగాన్ని బట్టి ముందే లెక్క కడతారు. ఎదిగే పిల్లాడికి అది పెద్ద లాభం. దక్షిణాసియాలో మొదటి ప్రోటాన్ కేంద్రం 2019లో చెన్నైలో అపోలో వాళ్లు తెరిచారు కాబట్టి మాకు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సరిపోయింది.

వేడి నీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడలాంటిది ముఖం మీద పరిచి మాస్క్ చేశారు. చల్లారాక అది గట్టిపడుతుంది, తల కదలదు. మొత్తం 30 సిట్టింగులు. రోజూ మత్తు ఇవ్వాలి కాబట్టి పొద్దున సిట్టింగ్ అయ్యేదాకా వాడికి ఏమీ పెట్టకూడదు. ఇడ్లీ బండి కనబడితే ఏడుస్తాడని చెల్లెలు వాణ్ణి వేరే సందులోంచి తీసుకెళ్లేది. జుట్టు మాత్రం ఊడింది, వాంతులూ అయ్యాయి. ప్రోటాన్ అంటే సైడ్ ఎఫెక్టులు ఉండవని ఎవరైనా చెబితే నమ్మకండి. ఖర్చు 20 లక్షలు దాటింది.

ఇక మా మామగారిది మీ నాన్నగారి కేసే. ఆయనకు తిరుపతిలోనే మామూలు ఎక్స్‌రే మిషన్ మీద ఐఎంఆర్‌టీ పద్ధతిలో, అంటే కిరణాల మోతాదును కణితి ఆకారానికి తగ్గట్టు మలిచి, 20 సిట్టింగులు ఇచ్చారు. అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 450 మందిలో కొందరికి ప్రోటాన్, కొందరికి ఐఎంఆర్‌టీ ఇచ్చి పోల్చారు. 2024లో బయటపెట్టిన ఫలితాల ప్రకారం రెండేళ్ల తర్వాత పేగుల ఇబ్బందుల్లో గానీ, జబ్బు అదుపులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది తెలిశాక, మామగారి విషయంలో తొందరపడి అప్పు చేయనందుకు ఊపిరి పీల్చుకున్నాం.

మీ డాక్టరుగారిని సూటిగా అడగండి: 'మా నాన్నకు ప్రోటాన్ వల్ల ఏ అవయవానికి దెబ్బ తగ్గుతుంది, ఎంత తగ్గుతుంది?' జవాబు గట్టిగా రాకపోతే తిరుపతిలోనో వేలూరులోనో రెండో అభిప్రాయం తీసుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద మామూలు రేడియేషన్ వస్తుందేమో కూడా కనుక్కోండి.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నా. ప్రోస్టేట్ సిట్టింగుకు మూత్రాశయం నిండుగా ఉండాలని నీళ్లు తాగిస్తారు. మా మామగారు చిత్తూరులో బస్సెక్కే ముందే రెండు బాటిళ్లు తాగేసేవారు. కాణిపాకం దాటకముందే మొదలయ్యేది ఆయన గొడవ. ఆసుపత్రికి చేరాకే తాగమనండి.