షుగర్ ఉన్న నాన్నగారు యూట్యూబ్ వైద్యాలు చూస్తుంటే ఏం చెప్పాలి?

చూడొద్దని మాత్రం చెప్పకండి, చాటుగా చూస్తారు. పక్కన కూర్చుని మీరూ చూడండి. "షుగర్ శాశ్వతంగా మాయం" అన్న మాట వినపడగానే ఆ వీడియో కట్టేయొచ్చు. మధుమేహాన్ని నయం చేస్తుందంటూ మందును ప్రకటించుకోవడం మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరం. అయినా ప్రకటనలు ఆగాయా అంటే, లేదు.

అసలు తికమకంతా అంకెల దగ్గరే. బ్రిటన్ వెబ్‌సైట్లో పరగడుపు షుగర్ 7 అని కనిపిస్తే అది మిల్లీమోల్స్ లెక్క. 18తో గుణిస్తే మన రిపోర్టు భాషలో 126. అలాగే "వారంలో తగ్గింది" అంటూ ఒక్క రీడింగ్ చూపిస్తే నమ్మకండి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చెప్పేది దాదాపు మూడు నెలల షుగర్ సగటు, అది వారంలో తేలే విషయం కాదు.

తిండి గురించైతే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కాకరకాయ కూర తింటానంటే తిననివ్వండి. కానీ ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడుతూ రోజూ కాకర రసం కూడా తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు. వీడియోలో చూసిన వైద్యం ఏదైనా మొదలుపెట్టే ముందే, ఆ లింకు సేవ్ చేసుకుని డాక్టరుకు చూపించమనండి.