నక్షత్ర రేఖలు ముక్కలుగా రావడానికి కారణం ఇదీ

చుక్కలు కదిలిన దారి గీతలుగా రావాలని కొండవీడు కోట దగ్గర 30 సెకన్ల చొప్పున రెండు గంటలు ఫోటోలు తీసినా, అన్నీ కలిపి చూస్తే గీతలన్నీ కుట్టు వేసినట్టు తెగి తెగి వచ్చాయన్నారు కదా. టెన్షన్ పడకండి, మీ లెన్స్‌లో లోపం లేదు. కెమెరా మెనూలో ‘లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్’ (ఎక్కువసేపు తీసే ఫోటోల్లో వచ్చే చుక్కల మచ్చలు తగ్గించే సెట్టింగ్) ఆన్‌లో ఉండి ఉంటుంది. అది ఉంటే ప్రతి 30 సెకన్ల ఫోటో తర్వాత కెమెరా షట్టర్ మూసి ఇంకో 30 సెకన్లు నల్ల ఫ్రేమ్ తీసుకుంటుంది. ఆలోపు చుక్క జరిగిపోతుంది. మీ గీతకీ ఖాళీకీ పొడవు సమానంగా ఉందంటే కారణం దాదాపుగా ఇదే. అది ఆఫ్ చేసి, రెండు ఫోటోల మధ్య ఒక్క సెకను మించకుండా చూడండి. ఇప్పటికే తీసినవాటిలో అంత పెద్ద ఖాళీలు పూడవు, మళ్లీ వెళ్లాల్సిందే.

ఈసారి కెమెరాను ఉత్తరానికి పెట్టండి. మన గుంటూరు వైపు ధ్రువనక్షత్రం దాదాపు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే కొండ అంచుకి కాస్త పైన. దాని చుట్టూ చుక్కలు గీసే వలయాలు కోట గోడ వెనక నుంచి లేచినట్టు వస్తాయి, చూస్తే ఒళ్లు పులకరిస్తుంది! తూర్పున గుంటూరు లైట్ల వెలుగు ఉంటుంది, ఫ్రేములోకి రానివ్వకండి. ట్రైపాడ్ కదపకుండా కొండను మునిమాపు వేళే ఒక ఫోటో తీసి ఉంచుకోండి, తర్వాత గీతల ఫోటోతో కలపడానికి. చలికాలమైతే అరగంటకోసారి టార్చ్‌తో లెన్స్ అద్దం చూడండి, మంచు పడితే గీతలు మసకబారిపోతాయి.