అమెరికా క్యాంపస్‌లో బ్లాక్ హిస్టరీ మంత్ (ఫిబ్రవరిలో నల్లవాళ్ల చరిత్రని గుర్తుచేసుకునే నెల) కార్యక్రమాలకు మన తెలుగు విద్యార్థులు వెళ్లొచ్చా? అక్కడ మనకేం పని?

వెళ్లండి. ఎవరూ వింతగా చూడరు. "మనకేం పని" అన్నారే, అక్కడే నాకు కాస్త కాలింది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను, భరించండి.

నేను 2013లో ఎమ్మెస్‌కి గ్రీన్స్‌బరో వెళ్లాను, నార్త్ కరోలినా ఏ అండ్ టీ యూనివర్సిటీకి. అది 1891లో నల్లవాళ్ల కోసం పెట్టిన యూనివర్సిటీ అని నాకు అక్కడ దిగేదాకా తెలియదు. కన్సల్టెన్సీవాడు చెప్పలేదు. "మీ జీఆర్ఈ స్కోరుకి వస్తుందండీ, ఫీజు కూడా తక్కువ" అన్నాడు, అంతే. దిగిన వారంలోనే సీనియర్లు జ్ఞానబోధ మొదలుపెట్టారు. ఏ వీధికి వెళ్లకూడదో, చీకటి పడ్డాక ఎవరు ఎదురొస్తే రోడ్డు దాటాలో. వాళ్లు వాడిన మాట ఇక్కడ రాయను, మీకు తెలుసు. ఆ యూనివర్సిటీ ఇచ్చిన అసిస్టెంట్‌షిప్ మీద బతుకుతూ, ఆ లైబ్రరీ ఏసీలో కూర్చుని మరీ ఆ మాట అనేవాళ్లు.

ఫిబ్రవరి వచ్చింది. పొద్దున్నే బ్రేక్‌ఫాస్ట్ ఉందని మా ల్యాబ్‌లో ఎవరో చెప్పారు. నిజం చెప్తున్నా, నేను వెళ్లింది చరిత్ర కోసం కాదు, టిఫిన్ కోసం.

ఆ టిఫిన్ ఎందుకు పెడతారంటే, 1960 ఫిబ్రవరి 1న ఈ కాలేజీ ఫస్టియర్ కుర్రాళ్లు నలుగురు, ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకేన్, జోసెఫ్ మెక్‌నీల్, ఊళ్లో వూల్‌వర్త్ కొట్టుకి వెళ్లారు. టూత్‌పేస్టు లాంటివి కొని రసీదులు జాగ్రత్తగా పెట్టుకున్నారు. తర్వాత అదే కొట్టులో టిఫిన్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. అక్కడ తెల్లవాళ్లకే కూర్చునే హక్కు. ఇవ్వం అన్నారు. "ఇప్పుడే ఆ పక్క కౌంటర్‌లో మా డబ్బులు తీసుకున్నారుగా, ఇదిగో రసీదు" అన్నారు వీళ్లు. కొట్టు మూసేదాకా కదల్లేదు. మర్నాడు ఇంకొందరొచ్చారు. ఐదో రోజుకి వందల్లో ఉన్నారు. ఆ నలుగురి విగ్రహం 2002 నుంచి క్యాంపస్‌లోనే ఉంది, పక్కపక్కన నడుస్తూ వస్తున్నట్టు. నేను ఆర్నెల్లు రోజూ దాని ముందునుంచే బస్సుకి వెళ్లాను. ఎవరో ఫుట్‌బాల్ ఆటగాళ్లనుకున్నాను.

నేను వెళ్లిన ఏడాది హాలు బరువుగా ఉంది. ఆ జనవరిలోనే మెకేన్ పోయారు. మొదట అందరూ లేచి పాట పాడారు, జేమ్స్ వెల్డన్ జాన్సన్ రాసింది. 1900లో జాక్సన్‌విల్‌లో 500 మంది బడిపిల్లలు మొదటిసారి పాడిన పాటట. నల్లవాళ్లు దాన్ని తమ జాతీయగీతం అంటారు. బళ్లో ప్రార్థన గీతం రెండో చరణానికి పెదాలు కదిపినట్టు కదిపాను.

నా టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ. డెబ్భై దాటి ఉంటాయి. నీలం టోపీ, చేతులకి తెల్లటి గ్లవ్స్, తినేముందు వాటిని తీసి మడతపెట్టి పళ్లెం పక్కన పెట్టుకుంది. నా ముందు గ్రిట్స్. మొక్కజొన్న రవ్వని ఉప్మాలా కాకుండా జావలా ఉడికిస్తారు, తాలింపు లేదు, ఏం లేదు. నేను స్పూనుతో అటూ ఇటూ కెలుకుతుంటే "తినవేం బేబీ, చల్లారిపోతుంది" అంది. మన నాన్నమ్మలు నాయనా అన్నట్టు అక్కడి ముసలమ్మలు అందర్నీ బేబీ అంటారు. వెన్న కూడా ఆవిడే వేసింది.

మాటల్లో తెలిసింది, ఆవిడ 1960లో పక్కనే ఉన్న బెన్నెట్ ఆడపిల్లల కాలేజీలో చదువుతోందట. మొదటి వారంలోనే కౌంటర్ దగ్గర కూర్చుందట. క్లాసులున్నవాళ్లు వెళ్తే లేనివాళ్లు వచ్చి ఆ స్టూలు ఖాళీ కాకుండా చూసేవాళ్లు. పుస్తకాలు అక్కడే పెట్టుకుని పరీక్షలకి చదివేవాళ్లు. వెనకనుంచి ఎవడో జడ లాగుతుంటే కదలకుండా అదే పేరా నాలుగుసార్లు చదివానంది. విగ్రహంలో ఆడపిల్లలెవరూ లేరని కాస్త కోపం కూడా ఉంది ఆవిడకి, నవ్వుతూనే చెప్పింది.

తర్వాత చాలా మామూలుగా అడిగింది: "మీ దేశంలో ఇలాంటివి ఉండేవా?"

"లేదు మేమ్" అన్నాను. టక్కున. "మా దగ్గర అందరం ఒకటే రంగు కదా" అని కూడా కలిపాను.

ఆవిడ తలూపి తినడంలో పడింది. నాకు మాత్రం గొంతు దిగలేదు. ఎందుకంటే మా తాతకి చీరాల దగ్గర ఊళ్లో టీ హోటలుండేది. హోటలంటే తాటాకు పాక, రెండు బల్లలు, బొగ్గుల పొయ్యి. ఊళ్లోవాళ్లకి గాజు గ్లాసులు. పల్లెవాళ్లకి, అంటే దళితులకి, సత్తు గ్లాసులు, సొట్టలు పడ్డవి, బయట చూర్లో దోపి ఉండేవి. వాళ్లే తీసుకుని, వాళ్లే కడుక్కుని, వంగి పట్టుకుంటే మా తాత పైనుంచి పోసేవాడు. బల్ల మీద కూర్చోకూడదు. తాగాక మళ్లీ కడిగి చూర్లో పెట్టి పోవాలి. డబ్బులు మాత్రం అందరికీ ఒకటే. నాకు ఆరేడేళ్లప్పుడు దాహమేసి ఆ చూర్లో గ్లాసొకటి లాగితే మా నాన్నమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ఏ తప్పు చేశానో చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిపోయింది, అదే అసలు సంగతి. మాకు కారంచేడు ఎంతో దూరం కాదు. 1985లో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవలో ఆరుగురు దళితుల్ని వెంటాడి చంపిన ఊరు. ఇదంతా కళ్లముందు పెట్టుకుని "లేదు మేమ్" అన్నాను.

ఆవిడకి నిజం చెప్పానా అంటే చెప్పలేదు. గ్రిట్స్ బాగున్నాయి మేమ్ అన్నాను. అవీ బాగులేవు.

మధ్యాహ్నం ఆ వూల్‌వర్త్‌కి నడిచి వెళ్లాను. 2010లో దాన్ని మ్యూజియం చేశారు. అక్కడ విన్నదొకటి ఇప్పటికీ వదలదు. 1960 జూలై 25న చివరికి ఆ కౌంటర్ దగ్గర మొదట కూర్చుని తిన్నది ఆ కొట్టులోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. ఏళ్లకేళ్లు ఆ వంటింట్లో చాకిరీ చేశారు, కూర్చుని తినడానికి మాత్రం పనికిరాలేదు.

ఇక "మనకేం సంబంధం" అనేవాళ్లకి. 1965కి ముందు అమెరికా వలస చట్టంలో ఇండియాకి కేటాయించిన కోటా ఏడాదికి ఎంతో తెలుసా? 100 మంది. దేశం మొత్తానికి. ఇలాంటి పోరాటాల ఊపులోనే 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం, అదే ఊపులో అదే ఏడాది అక్టోబరులో జాతుల వారీ కోటాలు తీసేసిన వలస చట్టం. జడ లాగినా కదలకుండా కూర్చున్న ఆ పిల్లలు లేకపోతే వీసా కోసం కాలేజీ ఇచ్చే మీ ఐ-20 లేదు, మీ హెచ్-వన్ మీద మీమ్స్ లేవు, డాలస్‌లో మన సంక్రాంతి ముగ్గుల పోటీలూ లేవు. ఇది మన సంఘాల స్టేజీ మీద ఎవరైనా చెప్తే వినాలని ఉంది. హీరోయిన్‌ని పిలవడానికి మాత్రం చందాలు వసూలవుతాయి.

ఇంకొకటి. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, కోచింగ్ రోజుల్లో రెండేళ్లు అటే తిరిగాను. ఏసీ అంటే ఎయిర్ కండిషనర్లు అమ్మేచోటేమో అనుకునేవాణ్ణి. ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్! నిజాం దగ్గర కాపలా కాసిన ఆఫ్రికా సిద్దీల సంతతి ఇప్పటికీ అక్కడుంది. హైదరాబాద్ పెళ్లిళ్లలో మర్ఫా కొడితే ఎగురుతాం, ఆ డప్పులో వాళ్ల పాలు ఎంతో అడగం.

"అంత గొప్పదైతే 28 రోజుల నెలే దొరికిందా" అని జోకులేసేవాళ్లున్నారు. కార్టర్ వుడ్‌సన్ అనే నల్లజాతి చరిత్రకారుడు 1926లో మొదట వారంగానే పెట్టాడు. లింకన్ పుట్టినరోజు 12, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజు 14, రెండూ కలిసొస్తాయని ఫిబ్రవరి. బానిసల కొడుకు, బొగ్గు గనుల్లో పనిచేసి, 1912లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తెచ్చుకున్నవాడు. దాన్ని నెల చేద్దామని 1969లో అడిగింది కెంట్ స్టేట్ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులు, టీచర్లు. 1970లో మొదలుపెట్టేశారు. ప్రెసిడెంట్ ఫోర్డ్ గుర్తించింది 1976లో. అంటే ఇది క్యాంపస్‌లో పుట్టిన పండగే. కంపెనీల్లో చేసేది వేరు. నేను తర్వాత పనిచేసిన చోట ఫిబ్రవరి రాగానే లోగోకి రంగులద్ది, ఒక ఈమెయిల్ కొట్టి, క్యాంటీన్‌లో ఫ్రైడ్ చికెన్ పెట్టేవాళ్లు. అలాంటిదైతే మానేసినా నష్టం లేదు.

ఆ బ్రేక్‌ఫాస్ట్ రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేసి నాన్నని అడిగాను, తాత హోటల్లో చూర్లో గ్లాసులుండేవి కదా, ఏమయ్యాయని. కాసేపు మాట్లాడలేదు. "పాత సామాన్లవాడికి వేసేశాంలే. ఇప్పుడవెందుకురా నీకు? తిన్నావా?" అన్నాడు.

బ్రేక్‌ఫాస్ట్‌కైతే టికెట్ కావాలేమో ముందు కనుక్కోండి, మాకు డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చారు. శాకాహారులైతే బిస్కెట్లు తినొచ్చు. బిస్కెట్లంటే మన బిస్కెట్లు కాదు, బన్నుల్లాంటివి. గ్రేవీలో మాంసం ఉంటుంది, అడిగి వేయించుకోండి.