ఆస్ట్రేలియా యాత్ర: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పిల్లలు చదువుకో ఉద్యోగానికో ఆస్ట్రేలియా వెళ్లిన ఇళ్లు నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇప్పుడు చాలా ఉన్నాయి. వాళ్లను చూసి రావడానికి బయలుదేరే తల్లిదండ్రులు, పనిలో పనిగా ఆ దేశాన్ని కూడా చూడాలనుకునే కుటుంబాలు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ నా భార్యా వచ్చే మే నెలలో 18 రోజులకు వెళ్దామనుకుంటున్నాము. మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్, కెయిన్స్ దగ్గరి పగడపు దిబ్బలు, ఉలూరు అనే ఎర్ర కొండ, మెల్‌బోర్న్ దగ్గర సముద్రం పక్కన సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు చూడాలని అబ్బాయి జాబితా పంపాడు. మా ఇద్దరికీ అరవై ఏళ్లు దాటాయి. ఇవన్నీ కుదురుతాయా? ఏ వరుసలో చూడాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: మాస్టారూ, ముందుగా ఆ జాబితాలోంచి పెర్త్‌ను తీసేయండి. పెర్త్ చూడదగిన ఊరే; కానీ అది దేశానికి పడమటి కొసన ఉంది. సిడ్నీ నుంచి అక్కడికి విమానంలోనే దాదాపు ఐదు గంటలు పడుతుంది, మళ్లీ వెనక్కి రావడానికి ఇంకొక రోజు పోతుంది. భారతదేశానికి రెట్టింపు కంటే ఎక్కువ విస్తీర్ణం ఉన్న దేశం అది. పటంలో పక్కపక్కన కనిపించే ఊళ్లకు కూడా చాలాసార్లు విమానంలో వెళ్లడమే మేలు. సిడ్నీ నుంచి కెయిన్స్‌కు రోడ్డున వెళ్తే సుమారు 2,400 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి దిల్లీ వెళ్లి, మళ్లీ సగం దారి వెనక్కి వచ్చినంత దూరం. ఊరు మారిన ప్రతిసారీ సామాను సర్దుకోవడం, విమానాశ్రయానికి చేరడం, దిగాక బస చేరడం అన్నీ కలిపి ఒక రోజు పోయిందనే లెక్క వేసుకోండి. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగానో కౌలాలంపూర్ మీదుగానో వెళ్లి రావడానికి పట్టే సమయం తీసేస్తే మీకు చేతిలో మిగిలేవి పదహారు రోజులు.

ఆ పదహారు రోజులను నాలుగు మజిలీలుగా విడదీయమని నా సలహా. మొదట మెల్‌బోర్న్‌లో ఐదు రోజులు ఉండండి. అబ్బాయి ఇల్లు అక్కడే కాబట్టి ప్రయాణ బడలిక తీరుతుంది, అక్కడి గడియారానికి అలవాటు పడతారు. మే నెలలో మెల్‌బోర్న్ గడియారం మన కంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. ఆ ఐదు రోజుల్లోనే రెండు రోజులు గ్రేట్ ఓషన్ రోడ్డుకు కేటాయించి, రాత్రికి ఆ దారిలోని అపోలో బే గాని పోర్ట్ క్యాంప్‌బెల్ గాని ఎంచుకుని బస చేయండి. తెల్లవారి వెళ్లి రాత్రికి తిరిగి వచ్చే బస్సు టూర్లు చాలా ఉన్నాయి గానీ, వాటిలో రోజంతా సీట్లోనే గడిచిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు చనిపోయిన తమ సహచరుల స్మృతిగా 1919 నుంచి 1932 వరకు కట్టిన రోడ్డు అది. దాన్ని నెమ్మదిగా చూడాలి. చివర్లో సముద్రంలో నిలబడి కనిపించే సున్నపురాతి స్తంభాలను ‘ట్వెల్వ్ అపోసల్స్’ అంటారు. పేరులో పన్నెండు ఉన్నా అక్కడ అన్ని లేవు. అలల కోతకు 2005లో ఒకటి కూలిపోయింది. సాయంత్రం ఎండలో ఒకసారి, పొద్దున్నే ఒకసారి చూస్తే ఆ రాళ్ల రంగు ఎంత మారుతుందో తెలుస్తుంది. అక్కడ ఒక రాత్రి ఆగమనడం అందుకే.

రెండో మజిలీ ఉలూరు, రెండు రాత్రులు. చాలామంది దీన్ని ఖర్చు చూసి వదిలేస్తారు. అక్కడ బస నిజంగానే ఖరీదు, ఎందుకంటే కొండకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న యులారా తప్ప దగ్గర్లో మరో ఊరు లేదు. మ్యాపులో కనిపించే ఆలిస్ స్ప్రింగ్స్ దాదాపు 450 కిలోమీటర్ల దూరం. అక్కడ దిగి టాక్సీలో వెళ్దామనుకోవద్దు, నేరుగా ఉలూరు పక్కనే ఉన్న విమానాశ్రయానికి టికెట్ తీసుకోండి. నన్ను అడిగితే ఒక నగరాన్ని వదులుకోవచ్చు గానీ ఉలూరును వదులుకోకూడదు. నగరాలు ఎక్కడైనా ఉంటాయి. చుట్టూ చదునైన ఎర్ర నేల మధ్య 348 మీటర్ల ఎత్తున లేచిన ఆ ఒక్క బండను చూడాలంటే మాత్రం అక్కడికే వెళ్లాలి. మే నెలలో పగలు హాయిగా ఉంటుంది, రాత్రి చలి వేస్తుంది, స్వెట్టర్లు తప్పనిసరి.

అక్కడి నుంచి కెయిన్స్‌లో నాలుగు రోజులు, చివరగా సిడ్నీలో ఐదు రోజులు ఉండి, తిరుగు విమానం సిడ్నీలోనే ఎక్కండి. మెల్‌బోర్న్‌లో దిగి సిడ్నీ నుంచి తిరిగి వచ్చేలా ఒకే టికెట్ ఇస్తారు, దానికోసం మళ్లీ మెల్‌బోర్న్ వెళ్లనక్కర్లేదు. సిడ్నీలో ఒక రోజు సెంట్రల్ స్టేషన్ నుంచి రైలెక్కి రెండు గంటల్లో కటూంబా వెళ్తే బ్లూ మౌంటెన్స్ లోయ కనిపిస్తుంది. ఒక సాయంత్రం సర్క్యులర్ కీ రేవు నుంచి మాన్లీకి పడవలో వెళ్లిరండి. 1932లో తెరిచిన హార్బర్ వంతెనా, 1973లో తెరిచిన ఒపెరా హౌసూ రెండూ ఆ పడవ మీంచే బాగా కనిపిస్తాయి. దానికి ప్రత్యేక విహార నౌక టికెట్ కొనాల్సిన పని లేదు. అమ్మగారికి ఆసక్తి ఉంటే సిడ్నీకి దక్షిణంగా హెలెన్స్‌బర్గ్‌లో మన ఆగమ పద్ధతిలో కట్టిన శ్రీ వేంకటేశ్వర స్వామి ఆలయం ఉంది. వారాంతంలో అక్కడ తెలుగు మాటలు వినిపిస్తాయి.

విజిటర్ వీసాకు, అంటే సబ్‌క్లాస్ 600కు, ఆన్‌లైన్‌లో ముందుగా దరఖాస్తు చేసి, అది చేతికి వచ్చాకే డబ్బు తిరిగి రాని టికెట్లు కొనండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తాను. సెలవులు వేసవిలో, దసరాకు, సంక్రాంతికి మాత్రమే దొరుకుతాయి. పదకొండేళ్లు, ఎనిమిదేళ్ల పిల్లలున్నారు. సముద్రంలో ఆడుకోవడమే వాళ్ల కోరిక. ఎప్పుడు వెళ్తే మంచిది? అక్కడి సముద్రం ప్రమాదమని కూడా విన్నాను, నిజమేనా?
— ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: అక్కడి రుతువులు మనకు తలకిందులని తెలిసిందే. అయితే ఉత్తరాన ఒకలా, దక్షిణాన మరోలా ఉంటుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. సంక్రాంతి సెలవుల్లో సిడ్నీ, మెల్‌బోర్న్ సముద్ర తీరాలు కళకళలాడుతుంటాయి, కానీ అక్కడి పిల్లలకూ అప్పుడే సెలవులు కాబట్టి బస ధరలు ఆకాశంలో ఉంటాయి. అదే సమయంలో కెయిన్స్ వైపు వానలు, తుపానుల కాలం. మన వేసవి సెలవుల్లో కెయిన్స్ బాగుంటుంది, మెల్‌బోర్న్‌లో పిల్లలు నీళ్లలో దిగలేరు. మీకు దసరా సెలవులే సరైనవి. అక్టోబరులో దక్షిణాన వసంతం, ఉత్తరాన ఇంకా వానలు మొదలు కాని పొడి కాలం.

ఇక ప్రమాదం సంగతి. మన వైపు పిల్లలు వ్యవసాయ బావుల్లో, సాగర్ ఎడమ కాలువ పొడవునా ఊళ్లలో ఈత నేర్చుకుంటారు. మీ పిల్లలకు ఈత బాగా వచ్చినా సరే, సముద్రంలో ఆ ఈత ఒక్కటే సరిపోదు. సిడ్నీ బోండై లాంటి తీరాల్లో లైఫ్‌గార్డులు సగం ఎరుపు, సగం పసుపు ఉన్న జెండాలు రెండు పాతి ఉంచుతారు. ఆ రెండు జెండాల మధ్యే దిగాలి, పది అడుగులు పక్కకు కూడా పోకూడదు. అలలు విరగకుండా, నీరు కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా ఉన్న పాయ ఒడ్డు నుంచి కనిపిస్తే, కొత్తవాళ్లు ‘ఇక్కడ అలలు తక్కువ, పిల్లలకు మంచిది’ అని అక్కడే దింపుతారు. నిజానికి ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. దాన్ని ‘రిప్’ అంటారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, బలం అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తితే లైఫ్‌గార్డు చూసి వస్తాడు. ఈ ఒక్క మాట పిల్లలకు విమానం ఎక్కకముందే నాలుగైదు సార్లు చెప్పి, వాళ్ల చేత చెప్పించుకోండి.

కెయిన్స్ వైపు సంగతి వేరు. సుమారు నవంబరు నుంచి మే వరకు ఒడ్డు దగ్గరి నీళ్లలో విషపు జెల్లీ చేపలు ఉంటాయి. తీరాల్లో వలలు కట్టి, కుట్టిన చోట పోయడానికి స్తంభాలకు వెనిగర్ సీసాలు తగిలించి ఉంచుతారు. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీటి అంచున కూడా నిలబడవద్దు. అక్టోబరులో వెళ్లినా ఆ రోజు పరిస్థితి ఏమిటో లైఫ్‌గార్డును అడిగే దింపండి. కెయిన్స్ ఊరి ముందు నిజానికి బీచ్ లేదు, బురద మైదానం ఉంది. ఆ లోటు తీర్చడానికి ఒడ్డునే పెద్ద ఉప్పునీటి కొలను కట్టి ఉచితంగా వదిలారు, ఎనిమిదేళ్ల బిడ్డకు అంతకంటే మంచి చోటు లేదు.

పిల్లలను మీరు ఒక్కరే తీసుకెళ్తున్నట్లయితే, వీసా దరఖాస్తుతో పాటు వాళ్ల తండ్రి సంతకం చేసిన సమ్మతి పత్రం జత చేయాలి.

ప్రశ్న: పగడపు దిబ్బలు వేడికి చచ్చిపోయాయని వార్తల్లో చదివాను. అంత ఖర్చు పెట్టి వెళ్లి తెల్లని ఎముకలు చూసి రావడమేనా?
— డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, ఆ వార్తలు అబద్ధమూ కావు. 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాల్లో కెయిన్స్ దగ్గరి ఆ పగడపు దిబ్బల్లో, అంటే గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో, పెద్ద ఎత్తున పగడాలు తెల్లబారాయి. పగడం అనేది ఒక చిన్న జీవి. దాని శరీరంలో ఉండే సూక్ష్మమైన నాచు దానికి రంగునూ ఎక్కువ భాగం ఆహారాన్నీ ఇస్తుంది. సముద్రం మామూలు కంటే వేడెక్కి, ఆ వేడి వారాల తరబడి తగ్గకపోతే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు లోపలి సున్నపు ఎముక తెల్లగా కనిపిస్తుంది. తెల్లబారిన పగడం ఇంకా బతికే ఉంటుంది. నీరు తొందరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చనిపోతుంది. ఒక దెబ్బ నుంచి తేరుకునే లోపే మరో దెబ్బ తగలడమే ఇప్పటి విషాదం.

అయినా వెళ్లమనే చెబుతాను. ఆ రీఫ్ 2,300 కిలోమీటర్ల పొడవున, దాదాపు 2,900 విడివిడి దిబ్బలుగా పరచుకుని ఉంది. ఒక చోట పాడైతే మరో చోట రంగురంగుల పగడాలు, చేపల గుంపులు, తాబేళ్లు ఈనాటికీ ఉన్నాయి. ఒడ్డుకు దగ్గరి దీవుల కంటే, కెయిన్స్ నుంచి పడవలో గంటన్నర దూరం ఉండే బయటి రీఫ్‌కు వెళ్లండి. ఏ పడవ మంచి చోటికి తీసుకెళ్తుందో, జీవశాస్త్రం చదివిన మార్గదర్శి ఎవరైనా వెంట వస్తారో లేదో అడిగి తెలుసుకున్నాకే టికెట్ కొనండి. ఈత రాకపోయినా పరవాలేదు, తేలే పట్టీ కట్టి మాస్కు ఇస్తారు, అద్దపు అడుగు ఉన్న పడవలూ ఉంటాయి. పగడం మీద కాలు మోపవద్దు, చేత్తో తాకవద్దు. ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ ఒక్క తాకిడికి విరుగుతుంది.

ప్రశ్న: మేము ఏటా చైత్రంలో నల్లమలలోని సలేశ్వరానికి నడిచి వెళ్తాము, కొండలు ఎక్కడం మాకు అలవాటే. ఉలూరు ఎక్కడానికి ఏ సమయం మంచిది?
— ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఎక్కడానికి వీల్లేదు. 2019 అక్టోబరు 26 నుంచి పూర్తిగా నిషేధం. ఆ కొండ అనంగు అనే మూలవాసులకు పవిత్ర స్థలం. 1985లో ఇదే తేదీన ప్రభుత్వం ఆ నేలను వారికి తిరిగి అప్పగించింది. చెంచుల లింగమయ్యను మొక్కడానికి అడవి నియమాలన్నీ పాటించి వెళ్లే మీకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. కొండ చుట్టూ దాదాపు పది కిలోమీటర్ల కాలిబాట ఉంది, అది ఎక్కడం కంటే ఎక్కువ చూపిస్తుంది: గుహల్లో పాత బొమ్మలు, ముటిజులు నీటి గుంట, వాన నీళ్లు జారిన నల్లని చారలు. కొన్ని చోట్ల ఫోటోలు తీయవద్దని బోర్డులుంటాయి. అక్కడ ఫోను జేబులో పెట్టేయండి. సూర్యోదయానికి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించండి, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు తీసుకెళ్లండి.

ప్రశ్న: కోడలి కోసం ఆవకాయ, నెయ్యి, సున్నుండలు, కరివేపాకు తీసుకెళ్లాలని ఉంది. పట్టుకుంటారా?
— ఒక గృహిణి, మహబూబ్‌నగర్

జవాబు: కరివేపాకు, విత్తనాలు, పండ్లు ఏవీ పెట్టుకోకండమ్మా. పాలతో, నెయ్యితో చేసిన వాటికీ కఠినమైన నియమాలున్నాయి, కాబట్టి నెయ్యీ నేతి సున్నుండలూ ఇంట్లోనే వదిలేయండి; అవన్నీ అక్కడి మన దుకాణాల్లో దొరుకుతాయి. ఆవకాయ లాంటివి తీసుకెళ్తే గట్టిగా మూత వేసి, కవరు మీద పేరు ఇంగ్లిషులో రాసి అతికించండి. దిగే ముందు ఇచ్చే కార్డులో ఆహారం ఉందా అన్న ప్రశ్నకు తప్పకుండా ‘అవును’ అని గుర్తు పెట్టాలి. చెప్పి చూపిస్తే, కుదరనివి తీసుకుని మిమ్మల్ని పంపిస్తారు, జరిమానా ఉండదు. చెప్పకుండా సామానులో దొరికితే జరిమానా భారీగా ఉంటుంది, వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకు ఉంది. బీపీ, షుగరు మందులు ఉంటే డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి.