ప్రెస్‌మడ్, కొబ్బరి పొట్టుతో కాఫీ నారు పెంచవచ్చా?

చిత్తూరు దగ్గర నర్సరీ పెట్టి పలమనేరు వైపు తోటలకు కాఫీ మొక్కలు ఇవ్వాలనుకుంటున్నామనీ, షుగర్ ఫ్యాక్టరీలో చెరకు రసం వడగట్టాక మడ్డిగా మిగిలే ప్రెస్‌మడ్, కొబ్బరి పొట్టు చవగ్గా దొరుకుతున్నాయి కాబట్టి కవర్లు వాటితోనే నింపవచ్చా అనీ అడిగారు. వాడండి, కానీ వాటితోనే నింపొద్దు. పచ్చివైతే అసలు ముట్టుకోవద్దు.

కాఫీ నర్సరీల్లో ఎప్పటి నుంచో ఉన్న కొలత ఇది: ఆరు పాళ్లు అడవి మట్టి, రెండు పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు సన్న ఇసుక. మన దగ్గర అడవి మట్టి అంటే రిజర్వు ఫారెస్టుదే. దాన్ని తవ్వడం నేరం, ఆ ఆలోచన మానుకోండి. పశువుల ఎరువు బదులు ప్రెస్‌మడ్, అడవి మట్టిలో సగానికి బదులు కొబ్బరి పొట్టు, మిగతా సగానికి ఎర్రమట్టి పనికొస్తాయి. అంటే మూడు గంపలు జల్లించిన ఎర్రమట్టి, మూడు గంపలు మగ్గిన పొట్టు, రెండు గంపలు మగ్గిన ప్రెస్‌మడ్, ఒక గంప ఇసుక. ఆరు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల పొడవున్న కవరుకు సుమారు ఒకటిన్నర లీటరు పడుతుంది. మట్టి పూర్తిగా మానేస్తే నీళ్లు పోసేకొద్దీ మిశ్రమం కుంగిపోయి, వేళ్లు బయటపడతాయి.

ప్రెస్‌మడ్ తెచ్చే ముందు మిల్లులో రసాన్ని శుద్ధి చేసేది సల్ఫిటేషన్ పద్ధతిలోనా, కార్బొనేషన్ పద్ధతిలోనా అని అడగండి. రెండోదైతే సున్నం బాగా ఎక్కువ. కాఫీకి పీహెచ్ 6 చుట్టుపక్కల ఉండాలి కాబట్టి అది వద్దు. మొదటి రకంలోనూ చక్కెర, మైనం మిగిలే ఉంటాయి. పచ్చిది కవర్లో పోస్తే అక్కడే పులిసి వేడెక్కుతుంది, వేళ్లకు గాలి అందదు. మీటరు ఎత్తున కుప్ప పోసి, పేడనీళ్లు చల్లి, పదిహేను రోజులకోసారి తిరగేయాలి. గుప్పెట్లో పిండితే వేళ్ల మధ్య తడి కనిపించాలి గానీ నీళ్లు కారకూడదు. తిరగేశాక కుప్ప మళ్లీ వేడెక్కకపోతే, పుల్లవాసన పోయి మట్టివాసన వస్తే తయారైనట్టు. మూడు నాలుగు నెలలు పడుతుంది.

కొబ్బరి పొట్టుది ఇంకో సమస్య. పచ్చి పొట్టు మొక్కకు అందాల్సిన నత్రజనిని తానే లాగేసుకుంటుంది, దానిలోని టానిన్లు లేత వేళ్లకు పడవు. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, ఒకటిన్నర కిలోల ప్లూరోటస్ పుట్టగొడుగు విత్తనం చాలు. నీడలో వంద కిలోల పొట్టు పరిచి విత్తనం చల్లండి, దానిమీద ఇంకో వంద కిలోలు పరిచి కిలో యూరియా చల్లండి. ఇలా మారుస్తూ పది పొరలు వేసి, తడి ఆరకుండా చూస్తే రెండు నెలల్లో నల్లబడుతుంది. ఉప్పునీళ్లలో నానబెట్టిన పీచుది అయితే ముందు రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి.

కలిపిన మిశ్రమం ఒక గ్లాసు, వాననీళ్లు లేదా ఆర్‌ఓ నీళ్లు రెండు గ్లాసులు కలిపి అరగంట ఉంచి వడగట్టండి. ఆ నీళ్ల ఈసీ (ఎంత ఉప్పు కరిగిందో మీటరు చూపే కొలత) 0.75 mS/cm లోపుంటే మంచిది, 1.25 దాటితే ఆ కుప్పతో కవర్లు నింపొద్దు. బోరు నీళ్లతో కలిపితే మీటరులో బోరు ఉప్పు కూడా లెక్కకొస్తుంది. మీటరు లేకపోతే ఈ మిశ్రమంలో పది, మామూలు తోటమట్టిలో పది పెసర గింజలు వేసి చూడండి. మిశ్రమంలో తక్కువ మొలిచినా, వేళ్ల కొనలు గోధుమరంగుకు తిరిగినా ఇంకా మగ్గలేదన్నమాట.

నారుమడిలో గింజ టోపీలా నెత్తిన పెట్టుకుని నిలబడ్డ దశలో మొలకను కవర్లోకి మార్చాలి. పుల్లతో లోతుగా గుంత చేసి, తల్లివేరు నిటారుగా దించండి. పొడవెక్కువైతే కొన గిల్లేయండి, మడిచి మాత్రం కుక్కొద్దు. వేరు కొక్కెంలా వంగిన మొక్క నర్సరీలో పచ్చగానే కనిపిస్తుంది, తోటలో రెండేళ్లకు కూలబడుతుంది. కొన్న రైతుకు జరిగే ఆ నష్టం మీ చేతిలోనే ఆగాలి.

ఆ తర్వాత లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. మన బోరు నీళ్లలోని సున్నం పీహెచ్‌ని పెంచడమే చాలాసార్లు కారణం. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. అసలు మందు మాత్రం నిల్వ చేసుకున్న వాననీళ్లే.

చవగ్గా వస్తోందని తెచ్చుకోకూడనివీ ఉన్నాయి. రాణిపేట, వాణియంబాడి వైపు తోళ్ల ఫ్యాక్టరీల బురదలో క్రోమియం ఉంటుంది, ఎంత మగ్గబెట్టినా పోదు. కుప్పం గ్రానైటు పాలిషింగ్ బురద ఆరితే సిమెంటులా బిగుసుకుంటుంది. రైస్‌మిల్లు ఊక బూడిద క్షారం, పదో వంతు మించొద్దు.

ఇక నెలల లెక్క చూసుకోండి. కాఫీ గింజ డిసెంబరు, జనవరిలో నారు పోస్తారు, ఫిబ్రవరి, మార్చిలో కవర్లలోకి మారుస్తారు. మిల్లుల్లో చెరకు క్రషింగ్ కూడా చలికాలంలోనే కాబట్టి ఆ ఏడు ప్రెస్‌మడ్ ఆ ఏడు కాఫీకి అందదు. ఈ సీజన్‌కి నిరుటి పాత కుప్ప ఎక్కడుందో వెతికి కొనండి. క్రషింగ్ ముగిసేటప్పుడు కొత్తది తెచ్చి కుప్ప పోసి, వానకు సారం కొట్టుకుపోకుండా టార్పాలిన్ కప్పితే వచ్చే ఏటికి సిద్ధంగా ఉంటుంది.