టెక్ సందేహాలు: రఫ్ స్కెచ్ నుంచి ఫైనల్ ఫైలు దాకా

ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డిజిటల్ బొమ్మల గురించే. అందుకే వాటిని బొమ్మ తయారయ్యే వరసలో పేర్చి ఇస్తున్నాం. ఈ వరసకు ఇంకో కారణం కూడా ఉంది. చిక్కు ఒక దశలో బయటపడుతుంది, దాని మూలం మాత్రం రెండు మెట్లు వెనక ఉంటుంది. రంగు అంచుల్లో తెల్ల చారలు కనిపిస్తే బ్రష్‌ను తిట్టుకుంటాం. తీరా వెతికితే తేడా గీత దగ్గర దొరుకుతుంది.

ప్ర: కొత్త ఫైలు తెరిచేటప్పుడు 72 డీపీఐ పెట్టాలా, 300 పెట్టాలా? 300 పెట్టినా నా బొమ్మ ప్రింటులో మసగ్గానే వచ్చింది.

జ: డీపీఐ ఒక్కటే చూసుకుంటే లాభం లేదు. అంగుళం కాగితంలో ఎన్ని పిక్సెళ్లు సర్దాలో చెప్పే సూచన అది, అంతే. అసలు సరుకు పిక్సెళ్లు. 1000 × 1000 పిక్సెళ్ల ఫైలుకు 300 డీపీఐ అని రాసిపెట్టినా అది 3.3 అంగుళాల చదరానికే సరిపోతుంది. దాన్ని ఏ4 అంత సాగదీస్తే మసకబారక తప్పదు. ఏ4 ప్రింటుకు 2480 × 3508 పిక్సెళ్లు కావాలి, ఏ3కి 3508 × 4961. రంగు కాగితం అంచు దాకా వెళ్లే బొమ్మయితే చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలండి. అంటే ఏ4కి 2551 × 3579. కటింగ్ కాస్త అటూ ఇటూ అయినా తెల్ల అంచు బయటపడదు.

అలాగని అవసరం లేకుండా పెద్ద కాన్వాస్ తీసుకోవద్దు. పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన ఏ4, 300 డీపీఐలో నిండుగా ఉన్న ఒక్క లేయర్ (ఒకదానిపై ఒకటి పేర్చుకునే పారదర్శక పొర) దాదాపు 35 ఎంబీ. అలాంటివి 20 ఉంటే 700 ఎంబీ. అదే 600 డీపీఐ చేస్తే బరువు నాలుగింతలవుతుంది. ఐప్యాడ్‌లో బొమ్మలు గీసే ప్రోక్రియేట్ యాప్‌లో కాన్వాస్ పెరిగేకొద్దీ లేయర్ల పరిమితి తగ్గిపోయేది ఇందుకే. స్క్రీన్ మీద చూసుకోవడానికి మాత్రమే అయితే పొడవు వైపు 3000 పిక్సెళ్లు ధారాళంగా సరిపోతాయి.

ప్ర: కాగితం మీద పెన్సిల్‌తో చిలుక బొమ్మ రఫ్ స్కెచ్ వేసుకుని, ఫోన్‌తో ఫొటో తీసి క్రిటా అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లోకి తెచ్చాను. కాగితం బూడిద రంగులో, ఒక మూల చీకటిగా ఉంది. తల కూడా అసలు కంటే పెద్దగా కనిపిస్తోంది. దీని మీదే గీసేయొచ్చా?

జ: తల పెరిగింది మీ చేతిలో కాదు, ఫోన్‌లో. వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి, ఫోన్ కాస్త వంచి తీస్తే కెమెరాకు దగ్గరగా ఉన్న వైపు ఉబ్బుతుంది. కాగితాన్ని కిటికీ పక్కన నేల మీద పరిచి, మీ నీడ పడకుండా నిలబడి, కాస్త ఎత్తు నుంచి 2 ఎక్స్ జూమ్‌తో, ఫోన్ కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. స్కానర్ అందుబాటులో ఉంటే ఈ గొడవేమీ లేదు, 300 డీపీఐ గ్రే స్కాన్ చాలు.

తర్వాత తెలుపు నలుపుల మోతాదు సరిచేసే లెవెల్స్ తెరవండి. తెలుపు వైపు ఉన్న స్లైడర్‌ను కాగితం తెల్లబడేదాకా ఎడమకు, నలుపు స్లైడర్‌ను కొంచెం కుడికి జరపండి. మూలలో మిగిలిన చీకటి గురించి కంగారు పడొద్దు. ఈ లేయర్ ఎలాగూ చివర్లో కనపడదు. దీని బ్లెండింగ్ మోడ్‌ను (కింది పొరతో రంగు కలిసే తీరును) మల్టిప్లైకి, అంటే కింది రంగును ముదురు చేసే తీరుకు మార్చి, ఒపాసిటీ (పొర ఎంత చిక్కగా కనిపించాలన్న లెక్క) 25 శాతానికి దించి, లేయర్‌కు తాళం వేసేయండి. రఫ్‌ను లేత నీలానికి మార్చుకుంటే ఇంకా మంచిది. నల్ల గీత ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో కంటికి వెంటనే తెలుస్తుంది.

లైన్ ఆర్ట్ (రఫ్ మీద వేసే తుది గీతలు) మొదలెట్టే ముందు ఒక్క పని మానకండి: బొమ్మను అద్దంలో చూసినట్టు అడ్డంగా తిప్పి చూడండి. క్రిటాలో 'ఎం' కీ నొక్కితే చాలు. ప్రోక్రియేట్‌లో కాన్వాస్ మెనూలో ఫ్లిప్ హారిజాంటల్ ఉంది. ఒక కన్ను కిందికి జారడం, చిలుక కొమ్మ మీద కూర్చోకుండా గాల్లో వేలాడటం లాంటివన్నీ తిప్పగానే మొహం మీద కొట్టినట్టు కనిపిస్తాయి. రఫ్‌లో దిద్దడానికి రెండు నిమిషాలు చాలు. రంగులేశాక అదే తప్పు దిద్దాలంటే లైన్, ఫ్లాట్ (నీడలు లేని మూల రంగు), నీడ మూడు లేయర్లూ తిరగేయాలి.

ప్ర: పెన్ టాబ్లెట్ మీద గుండ్రంగా గీస్తే స్క్రీన్ మీద కోడిగుడ్డు వస్తోంది. పైగా గట్టిగా నొక్కినా గీత లావెక్కడం లేదు. టాబ్లెట్ పోయినట్టేనా?

జ: పోలేదు. ఇవి వేర్వేరు చిక్కులు, రెండూ సెట్టింగ్స్‌లోవే.

కోడిగుడ్డు సంగతి ముందు. టాబ్లెట్ గీసే భాగం 16:10, స్క్రీన్ 16:9 అయితే డ్రైవర్ (టాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) టాబ్లెట్ మొత్తాన్ని స్క్రీన్ మొత్తం మీద సాగదీసి అతికిస్తుంది. దాంతో నిలువు పదో వంతు నొక్కుకుపోతుంది. పక్కపక్కన రెండు మానిటర్లు పెట్టుకుని టాబ్లెట్‌ను రెండింటికీ కలిపి కేటాయిస్తే వెడల్పు ఏకంగా రెట్టింపవుతుంది. డ్రైవర్ ప్యానెల్లో మ్యాపింగ్ విభాగంలోకి వెళ్లి ఒకే మానిటర్ ఎంచుకోండి, నిష్పత్తి మారకుండా ఉంచే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. వేకమ్ కంపెనీ టాబ్లెట్లలో దాన్ని ఫోర్స్ ప్రపోర్షన్స్ అంటారు. సరిచూసుకోవడం సులువే. ఒక సీసా మూతను టాబ్లెట్ మీద పెట్టి దాని చుట్టూ పెన్ను తిప్పండి. స్క్రీన్ మీద గుండ్రంగా వస్తే పని అయినట్టే.

నొక్కుడు పని చేయకపోతే, ముందు బ్రష్‌లో సైజుకు ప్రెజర్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. ఉన్నా పని చేయకపోతే విండోస్‌లో పెన్ను సమాచారం రెండు దారుల్లో వస్తుందని గుర్తుంచుకోండి: విన్‌టాబ్, విండోస్ ఇంక్. డ్రైవర్ ఒక దారిలో పంపుతూ, ప్రోగ్రామ్ ఇంకో దారిలో ఎదురుచూస్తుంటే నొక్కుడు దారిలోనే పోతుంది. క్రిటా టాబ్లెట్ సెట్టింగ్స్‌లో ఒకటి మార్చి, ప్రోగ్రామ్ మూసి తెరిచి చూడండి. పాత కంపెనీ టాబ్లెట్ డ్రైవర్ తీసేయకుండా కొత్తది ఇన్‌స్టాల్ చేసినా ఇదే తంతు. రెండూ తీసేసి, రీస్టార్ట్ చేసి, కొత్తదాన్ని మాత్రమే వేయండి. 8192 ప్రెజర్ లెవెల్స్ (నొక్కుడును టాబ్లెట్ ఎన్ని మెట్లుగా గుర్తిస్తుందన్న లెక్క) అన్న అంకెకు దీనితో సంబంధం లేదు. ఆ మాటకొస్తే 2048కీ 8192కీ తేడా చేతికి తెలియడం కష్టమే.

ప్ర: పొడుగు గీతలు వణుకుతున్నాయి. స్టెబిలైజర్ పూర్తిగా పెంచితే వణుకు పోయింది కానీ చిలుక కళ్లు, గోళ్లు గీయలేకపోతున్నాను.

జ: స్టెబిలైజర్ అంటే మీ చేతి కదలికలను సగటు తీసి గీత వేసే ఏర్పాటు. ఎక్కువ పెడితే గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, మలుపులను కోసేస్తుంది. రెక్క, తోక లాంటి పొడుగు వంపులకు ఎక్కువగా, కన్ను, గోళ్లకు దాదాపు సున్నాగా పెట్టి రెండు బ్రష్‌లు వేర్వేరుగా సేవ్ చేసుకోండి. పొడుగు గీతను మణికట్టుతో కాకుండా భుజం నుంచి, కాస్త వేగంగా లాగండి. నెమ్మదిగా గీస్తే వణుకు పెరుగుతుందే కానీ తగ్గదు. కాన్వాస్‌ను తిప్పుకోండి, ప్రతి చేతికీ సులువుగా గీత వచ్చే కోణం ఒకటుంటుంది. ఏ4, 300 డీపీఐ మీద లోపలి గీతలకు 6 పిక్సెళ్లు, బయటి అంచుకు 12 దాకా బ్రష్ తీసుకుంటే బొమ్మకు బరువు వస్తుంది.

గీసేశాక చిన్నది, పెద్దది చేస్తుంటే గీతలు మసకబారుతున్నాయని ఇంకొకరు అడిగారు. సైజు మార్చిన ప్రతిసారీ ప్రోగ్రామ్ పిక్సెళ్లను కొత్తగా లెక్కగడుతుంది. నాలుగుసార్లు మారిస్తే మసక నాలుగు పొరలు పేరుకున్నట్టే. మార్చడం, తిప్పడం, జరపడం అన్నీ ఒకే ట్రాన్స్‌ఫామ్‌లో ముగించి ఒక్కసారే అప్లై చేయండి. క్లిప్ స్టూడియో పెయింట్ అనే ప్రోగ్రామ్ వాడేవారు లైన్ ఆర్ట్‌ను వెక్టర్ లేయర్ (గీతలను పిక్సెళ్లుగా కాక లెక్కలుగా దాచే పొర) మీద వేసుకుంటే ఈ బాధే ఉండదు.

ప్ర: బకెట్‌తో రంగు పోస్తే గీత పక్కన సన్నని తెల్ల చార మిగిలిపోతోంది. కొన్నిచోట్ల రంగు మొత్తం కాన్వాస్ నిండా పొంగిపోతోంది.

జ: ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. బొమ్మను 800 శాతం జూమ్ చేసి ఒక గీత అంచును చూడండి. నల్ల గీత నలుపులోనే ఆగదు. నలుపు, ముదురు బూడిద, లేత బూడిద, ఆ తర్వాత తెలుపు. అంచు మెట్లు మెట్లుగా కనిపించకుండా యాంటీ ఏలియాసింగ్ చేసే పని ఇది. బకెట్‌కు మాత్రం ఆ లేత బూడిద పిక్సెల్ తెలుపు కాదు కాబట్టి గోడలా కనిపిస్తుంది. అక్కడే ఆగిపోతుంది. గీతకూ రంగుకూ మధ్య మిగిలిపోయిన ఆ లేత పిక్సెళ్ల వరసే మీరు చూస్తున్న తెల్ల చార.

అందుకని రంగును గీత కిందికి కొంచెం జరపాలి. లైన్ ఆర్ట్ పై లేయర్‌లో, రంగు కింది లేయర్‌లో ఉండాలి. ఈ రెండూ ఒకే లేయర్‌లో ఉంటే కింద చెప్పినవేవీ పనికిరావు. క్రిటా బకెట్ ఆప్షన్లలో గ్రో సెలెక్షన్‌ను 2 పిక్సెళ్లు చేయండి. క్లిప్ స్టూడియోలో ఇదే పని ఏరియా స్కేలింగ్ చేస్తుంది. ప్రోక్రియేట్‌లో లైన్ లేయర్‌ను రిఫరెన్స్‌గా (రంగు హద్దులు చూసుకునే లేయర్‌గా) పెట్టి, కింది లేయర్‌లోకి రంగును లాగి, వేలు ఎత్తకుండా కుడివైపు జరిపితే థ్రెషోల్డ్ (రంగు ఎంత దూరం పాకొచ్చన్న హద్దు) పెరుగుతుంది. రంగు పొంగిపోయే అంచు దాకా పెంచి ఒక్క అడుగు వెనక్కి రండి.

పొంగడానికి కారణం వేరు, గీత ఎక్కడో తెగి ఉంటుంది. ఈకల కొనలు, వేళ్ల సందులు ముందు వెతకండి. కావాలనే గీతను తెంపి వదిలే శైలి మీదైతే బకెట్ మానేసి, లాసో టూల్‌తో ఆకారం చుట్టి నింపడం నయం. ఇది మోటు పద్ధతిలా కనిపిస్తుంది కానీ బకెట్ వదిలిన చారలు వెతుక్కునే సమయంలో లాసోతో చిలుక మొత్తం నింపేయొచ్చు.

ఫ్లాట్ రంగులను ఒళ్లు, ముక్కు, కొమ్మ అని వేర్వేరు లేయర్లలో ఉంచండి. ఒక్కోదానిపై నీడ లేయర్‌ను క్లిప్పింగ్ మాస్క్‌గా పెడితే బ్రష్ ఎంత పొంగినా అంచు దాటదు. క్రిటాలో ఈ పనికి ఇన్హెరిట్ ఆల్ఫా వాడాలి, అయితే ముందు ఆ లేయర్లను ఒక గ్రూపులో పెట్టాలి. గ్రూపు చేయకపోతే కింద తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్నంత మేరా నీడ పాకిపోయి, ఆప్షన్ పని చేయడం లేదనిపిస్తుంది.

ప్ర: నీడలు వేశాక బొమ్మంతా మురికి పట్టినట్టుంది.

జ: మల్టిప్లై లేయర్ మీద నలుపో బూడిదో వేసి ఉంటారు. నలుపు ఏ రంగు మీద పడినా దాని జీవం లాగేస్తుంది. మల్టిప్లైలోనే లేత ఊదా లేదా నీలం వాడి చూడండి, ఆకుపచ్చ చిక్కబడుతుంది తప్ప మాడిపోదు. రెండో కారణం మెత్తని ఎయిర్‌బ్రష్‌ను అంతటా రుద్దడం. ముందు నీడ ఆకారాన్ని గట్టి అంచుతో కోసినట్టు వేయండి. పొట్ట లాంటి గుండ్రటి చోట్ల మాత్రమే ఆ అంచును మెత్తబరచండి. రెక్క నుంచి ఒంటి మీద పడే నీడ అంచు గట్టిగానే ఉండాలి. మెరుపులు అన్నిటికన్నా చివర, అదీ రెండు మూడు చోట్లే.

ఒక పరీక్ష చేయండి. అన్నిటికంటే పైన ఒక లేయర్‌ను తెలుపుతో నింపి, దాని మోడ్‌ను కలర్‌కు మార్చండి. బొమ్మ బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. ఎర్ర ముక్కు వెనక పచ్చని ఆకు ఉందనుకోండి, రంగుల్లో రెండూ విడివిడిగా మెరుస్తాయి. బూడిదలో చూస్తే ముక్కు మాయమై ఆకులో కలిసిపోవచ్చు. అప్పుడు ఆకును ముదురు చేయండి, ముక్కును ముట్టుకోవద్దు. చూశాక ఆ లేయర్‌ను ఆఫ్ చేసి ఉంచుకుంటే మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

ప్ర: స్క్రీన్ మీద బాగున్న బొమ్మ పంపించాక ముక్కు చుట్టూ ఎరుపు కారినట్టుంది. ప్రింటులో ఆకుపచ్చ వెలిసిపోయింది.

జ: ఎరుపు కారడం జేపెగ్ చలవే. సైజు తగ్గించడానికి జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. చాలా సెట్టింగ్స్‌లో వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని 2 × 2 పిక్సెళ్లకు ఒక్కటి చొప్పున కుదిస్తుంది. ఫొటోల్లో ఇది కనపడదు. పచ్చని ఒంటికి ఆనుకున్న ఎర్రని ముక్కు లాంటి పదునైన అంచులో మాత్రం రంగు పక్క పిక్సెల్‌లోకి పాకుతుంది. పీఎన్‌జీలో ఎగుమతి చేయండి, అందులో నష్టం లేదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జత చేయండి. లేకపోతే మీ పీఎన్‌జీ కూడా కుదింపుకు గురవుతుంది.

ఒక ఫోన్‌లో ఒకలా, మరోదాంట్లో ఇంకోలా రంగులు కనిపిస్తే కలర్ ప్రొఫైల్ (ఫైల్లోని అంకెలు ఏ రంగులో చెప్పే సమాచారం) చూసుకోండి. ఎక్కువ రంగులు పట్టే డిస్‌ప్లే పీ3 ప్రొఫైల్‌లో గీసిన బొమ్మ, ప్రొఫైల్‌ను పట్టించుకోని యాప్‌లో పాలిపోతుంది. స్క్రీన్ కోసమైతే మొదట్లోనే మామూలు స్క్రీన్ల ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి.

ప్రింటు సంగతి ఇంకోటి. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, సిరాకు ఆ వెలుగు లేదు. మెరిసే ఆకుపచ్చ, నియాన్ నీలం సీఎంవైకే (ప్రింటింగ్‌లో వాడే సియాన్, మెజెంటా, పసుపు, నలుపు) సిరాల్లో రావు. ప్రింటు చేసేవాళ్ల నుంచి వాళ్ల ప్రొఫైల్ ఫైలు అడిగి తీసుకుని, క్రిటాలో కంట్రోల్ వై నొక్కి సాఫ్ట్ ప్రూఫింగ్‌లో (ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే ఏర్పాటులో) చూడండి. ఏ రంగులు చప్పబడతాయో ముందే తెలుస్తుంది. గీసేది ఆర్‌జీబీలోనే (స్క్రీన్ రంగుల పద్ధతిలోనే) గీయండి, సీఎంవైకేకి మార్చేది కాపీలో మార్చండి.

ప్ర: కరెంటు పోయి మూడు గంటల పని పోయింది. ఆటోసేవ్ నమ్మొచ్చా?

జ: ఆపద్ధర్మానికి మాత్రమే. రఫ్, లైన్, ఫ్లాట్, నీడ, ఒక్కో దశ పూర్తవగానే వేరే పేరుతో ఒక ఫైలు దాచుకోండి. క్రిటాలో కంట్రోల్ ఆల్ట్ ఎస్ నొక్కితే పేరు చివర అంకె పెంచి తనే కొత్త కాపీ చేస్తుంది. దాచేది కేఆర్‌ఏ, పీఎస్‌డీ లాంటి లేయర్లుండే ఫైలే కావాలి. పీఎన్‌జీ ఒక్కటే మిగిలితే ముక్కు రంగు మార్చమన్న రోజు మళ్లీ లాసో పట్టుకోవాల్సిందే.