టెక్ సందేహాలు: ఒకే ఫ్లోషీట్‌లో మూడు థర్మో పద్ధతులు పెట్టవచ్చా?

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా నూకల నుంచి ఇథనాల్ తీసే యూనిట్‌ను డీడబ్ల్యూసిమ్ అనే ప్రాసెస్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను. ద్రవం, ఆవిరి కూర్పుల లెక్కకు రౌల్ట్ నియమం పెడితే స్వేదన కాలమ్ పైనుంచి 99 శాతం ఇథనాల్ వస్తోంది. ఎన్ఆర్‌టీఎల్ అనే మరో పద్ధతి పెడితే 95 దగ్గరే ఆగిపోతోంది. కార్బన్ డయాక్సైడ్ కంప్రెసర్‌కు పెంగ్-రాబిన్సన్ సమీకరణం, నీటి ఆవిరికి స్టీమ్ టేబుల్స్ (నీరు, ఆవిరి ధర్మాల పట్టికలు) పెట్టమని సీనియర్లు చెప్పారు. అవి కలిపాక శక్తి లెక్క కుదరడం లేదు. ఒకే పద్ధతికి కట్టుబడాలా?
– కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: సీనియర్ల మాటే వినండి. ముందు ఆ 99ని చూసి మురిసిపోవడం మానండి. వాతావరణ పీడనం వద్ద ఇథనాల్, నీరు బరువులో సుమారు 95.6 శాతం దగ్గర అజియోట్రోప్ అవుతాయి. అక్కడ ద్రవం కూర్పు, ఆవిరి కూర్పు ఒకటే కనుక ట్రేలు ఎన్ని పెంచినా ఫలితం ఉండదు. అణువుల మధ్య ఇష్టాయిష్టాలను రౌల్ట్ నియమం లెక్కలోకే తీసుకోదు. 1968లో వచ్చిన ఎన్ఆర్‌టీఎల్ పుట్టిందే ఇలాంటి ద్రవాల కోసం. 1976 నాటి పెంగ్-రాబిన్సన్ బలం అధిక పీడనంలోని వాయువుల దగ్గర.

మీ చిక్కు ఎంథాల్పీకి (ప్రవాహం మోసుకెళ్లే శక్తికి) ఒక్కో పద్ధతి సున్నాను ఎక్కడ పెట్టిందన్న దగ్గర ఉంది. 25 డిగ్రీల వద్ద కిలో నీటికి స్టీమ్ టేబుల్స్ సుమారు 105 కిలోజౌళ్లు చూపుతాయి. అదే ఉష్ణోగ్రతలో ఆదర్శ వాయువును సున్నాగా తీసుకునే పద్ధతి మైనస్ 2442 చూపుతుంది. ప్రకాశం బ్యారేజీ గేటు ఎత్తును ఒకరు నది అడుగు నుంచి, మరొకరు సముద్ర మట్టం నుంచి కొలిచి, ఆ రెండంకెలను తీసివేసినట్లు ఉంటుంది ఇది. సాఫ్ట్‌వేర్ దానంతట అది సర్దకపోతే ఆ తేడా మొత్తం మీ శక్తి లెక్కలో పడుతుంది.

అందుకే పద్ధతి మారే చోట ఎంథాల్పీని అందించకండి. ఉష్ణోగ్రత, పీడనం, కూర్పు అందించి కొత్త పద్ధతిని మళ్లీ లెక్కకట్టనివ్వండి. సంతృప్త ఆవిరికి (సరిగ్గా మరిగే ఉష్ణోగ్రతలో ఉన్న ఆవిరికి) మాత్రం ఇది చాలదు. పీడనం, ఆవిరి భాగం ఇవ్వాలి. ప్రవాహం పూర్తిగా ద్రవంగానో వాయువుగానో ఉన్న చోటే మార్చండి. మరిగే స్థితిలో మారిస్తే కొత్త పద్ధతికి అది వేరే దశలా కనిపించవచ్చు. రీబాయిలర్‌లో (కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే పరికరంలో) ఒకవైపు ఆవిరి, మరోవైపు ఎన్ఆర్‌టీఎల్ ఉన్నా ఇబ్బంది లేదు, అక్కడ చేతులు మారేది వేడి మాత్రమే. రీసైకిల్ వలయం (ప్రవాహం తిరిగి వెనక్కి వచ్చే దారి) మధ్యలో మాత్రం పద్ధతి మార్చవద్దు. ఆ పొరపాటును వెతకడం నిజంగా నరకం.

ఇంకొకటి: కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ (క్రిటికల్) ఉష్ణోగ్రత 31 డిగ్రీలే, అది దాటితే ద్రవంగా మారదు. ఫెర్మెంటర్ దగ్గర ఎన్ఆర్‌టీఎల్ వాడుతుంటే కార్బన్ డయాక్సైడ్‌ను హెన్రీ నియమం (ద్రవంలో కరిగే వాయువుల నియమం) కిందికి తెండి.

ప్రశ్న: సిమ్యులేషన్ కోసం గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కొనాలా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: ఇలాంటి ఫ్లోషీట్లకు అక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ తీసుకోండి. డీడబ్ల్యూసిమ్ ఉచితం, లినక్స్‌లోనూ నడుస్తుంది.